ఏడో మీట

జూన్ రెండో వారంలో ఎక్కాను పదిహేను సీట్ల తెల్ల వ్యాను.
వెనక ట్రైలర్లో స్పీకర్లు, చుట్టిన తెరలు,
మూడు వందల మెడపట్టీలు,
ఊరూరా నాలుగు మరలు బిగించి నిలబెట్టే
ఒక చెక్క సిలువ.
ఒక మర ఒహాయోలోనే పోయింది.
వేసవంతా మూడింటితోనే నిలబడింది.

నడిపేవాడు వెండెల్.
పెట్రోలు బంకు కనబడితే చాలు, ఉడికించిన గుడ్డొకటి కొని
కళ్ళు మూసుకుని స్తోత్రం చెప్పి
ఒక్క గుటకలో మింగేవాడు.
నేను లైట్ల పిల్లని.
జీవశాస్త్రం, రెండో ఏడు.
వారానికి నూట పది డాలర్లు, తిండి,
సెలవులకి ఖాళీ అయిన ఏదో ఒక హాస్టల్లో
ఒత్తిగిలితే కరకరమనే ప్లాస్టిక్ పరుపు.

సోమవారం చర్చి బస్సుల్లోంచి దిగుతారు పిల్లలు,
దిండ్లు చంకన పెట్టుకుని, ఒకరినొకరు తోసుకుంటూ.
బుధవారానికి పోయిన వస్తువుల పెట్టె నిండుతుంది:
ఎడమకాలి బూటు, పళ్ళ క్లిప్పు,
కీర్తనల అంచున గుర్రాలు గీసిన బైబిలు.
గురువారం రాత్రి ఏడుస్తారు.

ఎగతాళికి అనడం లేదు. కాగితం మీదే ఉంటుంది:
ఎనిమిదీ నలభై, సాక్ష్యం.
ఎనిమిదీ యాభై అయిదు, పియానో.
తొమ్మిదింటికి నేను ఏడో మీట కిందికి లాగాలి,
మెల్లగా, పన్నెండు లెక్కపెడుతూ.
తేనెరంగు తగ్గుతుంది, నీలం పొంగుతుంది,
పన్నెండు అయ్యేలోగా
ఎవరో ఒక పిల్ల మోకాళ్ళ మీదికి ఒరుగుతుంది.

టెన్నెసీలో తొందరపడి తొమ్మిదే లెక్కపెట్టాను. ఏడ్చారు.
ఇండియానాలో పరధ్యానంలో ఇరవై దాటింది. అప్పుడూ ఏడ్చారు.
ఆ రాత్రి పరుపు తెల్లవార్లూ కరకరమంది.
ప్రభువా, ఆ గదిలోకి దిగింది
నువ్వా, నా చూపుడువేలా?
పక్క మంచం మీద ఇవొన్‌ని అడిగాను.
పాడీపాడీ ఆ వారమే గొంతు పోయింది తనకి.
చిన్న పలక తీసి రాసింది: నిద్రపో.

అయోవా. చుట్టూ మొక్కజొన్న, మధ్యలో జిమ్ము.
ఒక కుర్రాడు, పద్నాలుగేళ్ళుంటాయేమో,
వేదిక వైపు చూడకుండా
ఆఖరి వరసలోంచి నా చెయ్యే చూస్తున్నాడు.
అందరూ వెళ్ళాక, ట్యూబులైట్లు వెలిగి
నేల మీద చిప్స్ పొడి, తడి కాగితం రుమాళ్ళు బయటపడ్డాక
దగ్గరికొచ్చాడు. మెడలో పేరు: థాడియస్.
"నువ్వే లాగావు కదా?"
అవునన్నాను. చెంపలు మండాయి.
"మా బళ్ళో నాటకాలకి నేనూ లాగుతాను.
నువ్వు బాగా లాగావు."
కాసేపాగి, బూటు ముక్కుతో నేలని గీకుతూ అన్నాడు:
"మా అక్క ఏడ్చింది ఇవాళ.
ఏప్రిల్ నుంచి ఏడవలేదు."

ఏప్రిల్‌లో ఏమైందో చెప్పలేదు.
నేను అడగలేదు.
తీగ కొస వాడి చేతికిచ్చాను.
ఒక చుట్టు పైనుంచి, ఒక చుట్టు లోపల్నుంచి,
దాని వాటం దానికి తెలుసు,
బలవంతం చేస్తే మెలిపడుతుంది.
వాడికి ముందే వచ్చు ఇదంతా.
నూట యాభై అడుగుల తీగ చుట్టాం ఇద్దరం,
దేవుడి మాట ఎత్తకుండా.
తలుపు దగ్గర ఒకమ్మాయి కళ్ళు వాచి నిలబడింది,
"తాడ్, బస్సు," అంది.
వాడు వెళ్ళిపోయాడు.

తర్వాతి గురువారం, మిస్సోరీ.
తొమ్మిదయింది. మీట మీద వేలు పెట్టాను.
ఒకటి, రెండు, మూడు,
ఏడు దగ్గర లెక్క తప్పాను.
కింద చీకట్లో ఎవరో ముక్కు చీదారు,
ఏనుగుపిల్ల ఘీంకరించినంత గట్టిగా.
నవ్వొచ్చింది నాకు. ఆపుకోలేకపోయాను.
ఆ నవ్వుతోనే లాగాను మిగిలిన నీలం,
లెక్కపెట్టకుండా,
ఎంతసేపు పట్టిందో తెలీదు.